ముయ్యికి చేసిన లెక్క

మా వైపు చెనక్కాయ పీకే కాలంలో ముయ్యి పనులుంటాయి. ఈరోజు మీ చేనికి మా ఇంటి నుంచి ఇద్దరొస్తే, రేపు మా చేనికి మీ ఇంటి నుంచి ఇద్దరు రావాలి. కూలి డబ్బులుండవు. లెక్క మాత్రం అందరి మనసుల్లో ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడిందనుకునే నేల ఇది. పదును ఆరకముందే కాయ పీకాలంటే ఒక ఇంటి చేతులు చాలవు. పిలిస్తే రానన్నవాణ్ణి తాండా చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. తనకల్లు చుట్టుపక్కల తాండాల్లో పెరిగిన మాకు సాయం అంటే అదే.

ఆ బుద్ధితోనే హాస్టల్లో చేరాం, ఇంటర్ ఎంపీసీకి. ఇంట్లో గోర్ బోలి, బజార్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఫిజిక్సు మాకు మూడో భాషలో వచ్చింది. లెక్క రాకపోవడానికి కారణం లెక్కో భాషో తెలిసేది కాదు. రాత్రిపూట వరండాలో నలుగురం గుంపుగా కూర్చునేవాళ్ళం. ఒకడు ఇంగ్లీషు వాక్యం చదివితే, ఇంకొకడు దాన్ని తెలుగులోకి, మరొకడు మా మాటలోకి తెచ్చేవాడు. అప్పటికి సగం లెక్క అయిపోయినట్టే ఉండేది.

నాకు వాలుతలం లెక్కలు కొరుకుడు పడేవి కావు. 30 డిగ్రీల వాలు మీద 2 కిలోల దిమ్మె ఉంటే, దాన్ని వాలు వెంట కిందికి లాగే బలమెంత? సైన్ వాడాలా, కొసైన్ వాడాలా? ఒకసారి సైన్ రాస్తే తప్పయ్యేది, ఇంకోసారి కొసైన్ రాస్తే తప్పయ్యేది. పక్క తాండా అన్న ఒకాయన డిగ్రీ చదువుతూ అప్పుడప్పుడు హాస్టల్‌కు వచ్చేవాడు. ఆయన్ను అడిగాను.

"అన్నా, సైనా, కొసైనా? అదొక్కటి చెప్పు చాలు."

ఆయన చెప్పలేదు. నా పరీక్ష అట్ట తీసుకొని నేల మీద చదునుగా పెట్టమన్నాడు. దానిమీద జామెట్రీ బాక్సు పెట్టమన్నాడు.

"ఇప్పుడు జారుతుందా?"

"యాడ జారుతుందన్నా, చదునుగా ఉంటే."

"అంటే లాగే బలం ఎంత?"

"సున్నా."

"కోణం సున్నా అయినప్పుడు సున్నా అయ్యేది సైనా, కొసైనా?"

సైన్ సున్నా అంటే సున్నా. కొసైన్ సున్నా అంటే ఒకటి. కొసైన్ రాశానంటే చదునైన నేల మీద పెట్టిన పెట్టె తన బరువంత బలంతో దానంతటదే పరిగెత్తుతుందని రాసినట్టే. నాకు నవ్వొచ్చింది. తర్వాత అట్టను నిలువుగా లేపమన్నాడు. పెట్టె దబ్బున పడింది. 90 డిగ్రీలకు సైన్ ఒకటి, పూర్తి బరువు. ఇక నా లెక్కకు జవాబు 10 న్యూటన్లని నేనే చేసుకున్నాను. g విలువ 10 అనుకుంటే అంతే వస్తుంది. కొసైన్‌తో చేసి ఉంటే 17 దాటేది. ఆ తర్వాత ఏ లెక్కలో సందేహం వచ్చినా కోణాన్ని సున్నా చేసి చూడటం అలవాటైంది. ఆయన ఇచ్చింది జవాబు కాదు, జవాబును నిలదీసే పద్ధతి.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. మొదటి ఏడాది పబ్లిక్ పరీక్ష. 60 మార్కుల పేపరు, 21 వస్తే పాస్. నా వెనక బెంచీలో నా చెడ్డీ దోస్తు. వేసవిలో వాళ్ళ చేన్లో నేను, మా చేన్లో వాడు పనిచేసినవాళ్ళం. పేపర్లో వాలుతలం లెక్కే వచ్చింది. "రే, చూపిచ్చురా" అన్నాడు మెల్లగా. నేను పేపరు పక్కకు జరిపాను. అదొక్కటే కాదు, ఇంకో రెండు కూడా. నా మార్కులు నాకొచ్చాయి, వాడూ పాసయ్యాడు.

తప్పు చేశానని అప్పుడు అనిపించలేదు. నిజానికి గర్వంగా ఉండింది. పరీక్షల్లో అక్రమాల మీద రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. కానీ ఆ గదిలో మా ఇద్దరి మధ్య ఉన్నది చట్టం కాదు, ముయ్యి. అడిగితే రానన్నవాడిగా మిగలకూడదన్న భయం.

నేను పొరబడింది అక్కడే. చెనక్కాయ ఎవరి చేతులు పీకినా, కాయ నా కళ్ళంలోకే వస్తుంది. వేరొకరు చేసినా పని అయినట్టే. లెక్క అట్లా కాదు. నేను చేసిన లెక్క వాడి కాగితం మీదికి పోయింది గానీ వాడికి రాలేదు. పైగా, నాకు ఆ అన్న ముయ్యిగా ఇచ్చింది ఒకటైతే, నేను వాడికి తిరిగి ఇచ్చింది వేరొకటి. వరండాలో గడిపిన రాత్రుల్లో అట్ట, పెట్టె పట్టుకొని వాడి పక్కన అరగంట కూర్చొని ఉండొచ్చు. కూర్చోలేదు. పరీక్షలో చూపించడం అంతకంటే తేలిక, ఒక్క నిమిషం పని. నా స్నేహం ఆ ఒక్క నిమిషం పనినే ఎంచుకుంది.

తోటివాడు చెబితే అర్థమవడం మా హాస్టల్లోనే జరిగే వింతేమీ కాదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్సు ప్రొఫెసర్, లెక్కలు బాగా చేసే తన విద్యార్థులకు కూడా బలం అంటే ఏమిటో సరిగా తెలియదని గమనించాడు. 1991 నుంచి ఆయన క్లాసులో ఒక ప్రశ్న వేసి, ముందు ఎవరి జవాబు వాళ్ళను అనుకోమని, తర్వాత పక్కవాడితో వాదించమనడం మొదలుపెట్టాడు. 1997లో దానిమీద పుస్తకం రాశాడు. ఆయన చెప్పే కారణం మనకూ తెలిసిందే: నిన్ననే నేర్చుకున్నవాడికి ఎక్కడ తట్టుకుని పడతామో గుర్తుంటుంది, ఎప్పుడో నేర్చుకున్న అయ్యవారు అది మరచిపోయి ఉంటాడు. ఉపాధ్యాయుణ్ణయ్యాక నాకూ అది అనుభవమే. అయితే ఆ పద్ధతిలో ఒక షరతుంది. వాదించే ముందు ఎవరి జవాబు వాళ్ళకు ఉండాలి. అది లేకపోతే మిగిలేది ఎక్కించుకోవడమే.

దీనికి మన పిల్లలు చెప్పే ఎదురు మాటను నేను తేలిగ్గా తీసుకోను. "పట్నంలో లక్షలు కట్టి చదివేవాళ్ళకు రోజూ టెస్టులు, నోట్సులు. మాకు మేమే దిక్కు. ఒకరికొకరం చూపించుకుంటే ఎవరికి నష్టం సార్?" అని ఒక పిల్లాడు అడిగాడు. అన్యాయం ఉన్న మాట నిజం. కానీ నష్టం ఎవరికో లెక్కేసి చూద్దాం. అప్పట్లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. రాష్ట్రంలో ఎస్టీల సీట్లు 6 శాతం. నేను చూపించిన మార్కులతో ముందుకు జరిగినవాడు పట్నం పిల్లాడి సీటును పెద్దగా కదిలించడు. వెనక్కి పోయేది ఇంకో తాండా పిల్ల, ఇంకో గూడెం పిల్లాడు. ఆ పిల్లకు చూపించేవాళ్ళెవరూ లేకపోయి ఉండొచ్చు.

ఇదే లెక్క తిప్పి చూస్తే ఇంకో భయం ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. నేను నేర్పితే వాడు నన్నే దాటిపోతే? అదే 6 శాతంలో నా సీటే పోతే? పోవచ్చు. మంచి మార్కులొచ్చే పిల్లలు నోటుపుస్తకం దాచుకోవడం నేను చూశాను, వాళ్ళను తిట్టలేను. కానీ నేర్చుకొని దాటినవాడు నా సీటు తీసుకోలేదు, తనది తాను తీసుకున్నాడు. ఆ అన్న నాకు అట్ట మీద చూపించినప్పుడు ఈ లెక్క వేసుకొని ఉంటే నేనీ మాటలు రాసేవాణ్ణి కాదు.

నా దోస్తు ఇంజనీరింగ్‌లో చేరాడు. మొదటి ఏడాది మెకానిక్స్ పేపర్లో రెండుసార్లు తప్పాడు. మూడోసారి ఫీజు కట్టలేదు. బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్ళాడు, ఇప్పుడు చిన్న మేస్త్రీ. పోయిన పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం. చాలా ఏళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను.

"రే, ఆ రోజు నేను చూపించకపోయుంటే నువ్వు ఫెయిలై, మళ్ళీ చదువుకొని నేర్చుకుని ఉండేవాడివేమో గదరా."

వాడు నవ్వాడు. "ఫెయిలైంటే అప్పుడే బెంగళూరు పోయుండేవాణ్ణి. ఇంట్లో చదివించేవాళ్ళనుకున్నావా?"

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, తన కూతురు ఈ జూన్‌లో ఇంటర్‌లో చేరుతోందని, సాయంత్రాలు నా దగ్గరికి పంపుతానని. "నాకు చూపించినట్టు కాదురా" అన్నాడు లేస్తూ, "మీ అన్న నీకు చెప్పినట్టు చెప్పు."