పాట ఎక్కడ ఆపాలి?

మొదలుపెట్టడానికి ముహూర్తం అడుగుతాం గాని, ముగించడానికి అడిగేవాళ్ళు తక్కువ. అసలు అయిపోయిందన్న మాట అనడానికే మనకు నోరు రాదు. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరితే ‘కొండెక్కింది’ అంటాం. గడప దాటే చుట్టం ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. ఇంత సుతారంగా చూసుకునే ముగింపుని ఇప్పుడొక మరకు అప్పజెప్తున్నామే అని నా బెంగ.

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో ఎప్పుడైనా నడిచారా? తలెత్తితే కంప్యూటర్ కోర్సుల బోర్డులే గాని ఆకాశం కనిపించదు. అక్కణ్ణుంచి పంజాగుట్ట వైపు వచ్చే దారిలో మా పిన్ని వాళ్ళ అపార్టుమెంటు. అరవై దాటాక ఆవిడకు మళ్ళీ పాట మీదికి మనసు పోయింది. పెళ్ళికి ముందు నేర్చుకున్నది, పెళ్ళితో ఆగిపోయింది. (ఆగిపోయిందా, ఆపించారా అన్నది మరో వ్యాసం!) లలితసంగీతమే గాని, పక్కవాద్యాలకు మనుషులేరీ? మనవడు లాప్‌టాప్‌లో ‘బ్యాండ్ ఇన్ ఎ బాక్స్’ పెట్టిచ్చాడు. 1990లో కెనడా కంపెనీ ఒకటి తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. కార్డులు టైపు చేసి, శైలి ఎంచుకుంటే డ్రమ్సు, బేసు, పియానో, గిటారు అన్నీ అదే వాయించేస్తుంది.

చిక్కల్లా చివర్లోనే. పాట ఎన్నిసార్లు తిరగాలో ముందే చెప్పాలి. ఆ లెక్క పూర్తికాగానే రెండు బార్ల ముగింపు తనే వాయించేసి చేతులు కడుక్కుంటుంది. ఆవేళ పిన్నికి పల్లవి ఇంకోసారి అందుకోవాలనిపించింది. అందుకుంది. వాద్యాలు లేవు! గొంతొక్కటే గాల్లో.

“తింటూండగా విస్తరి లాగేసినట్టుందే” అంది.

ఆ ముగింపు వద్దనుకుంటే తీసేయొచ్చు. తిరిగి తిరిగి వాయించమంటే మనం ఆపేదాకా వాయిస్తూనే ఉంటుంది. ఇక మెల్లగా సన్నగిల్లిపోయే పద్ధతి ఒకటుంది చూశారూ, రికార్డుల్లో వింటాం, అది నాకు బొత్తిగా గిట్టదు. పాట ముగియదు, మనకు వినపడ్డం మానేస్తుందంతే. మాట మధ్యలో పక్కగదిలోకి వెళ్ళిపోయే మొగుడిలాగా! దానికన్నా పాతకాలపు 78 తిరుగుళ్ళ రికార్డు నయం. పది అంగుళాల పళ్ళెం మీద మూడు నిమిషాలు దాటితే చోటుండదు గనక అక్కడికి ముగించేవారు.

మన కచేరీలో తని ఆవర్తనం గమనించండి. మృదంగం వాయిస్తున్నంతసేపూ గాయని పాడదు. అలాగని ఊరుకోదు, చేత్తో తాళం వేస్తూ కూర్చుంటుంది. ఆయన ముక్తాయింపు ముమ్మారు వాయించి దిగేసరికి ఆవిడ సరిగ్గా ఎత్తుగడ దగ్గర పాట అందుకోవాలి. ఎన్ని ఆవర్తాలన్నది కాగితం మీద రాసుకోరు. ముగింపు వస్తోందని ఆవిడకు తెలిసేది వింటూ ఉండబట్టే. అవతలివాళ్ళు ముగించేదాకా వాళ్ళ కోసం తాళం పట్టుకుని ఉండటం! మన గొంతు అలిసి వాలుతోందని ఆ పెట్టెకు ఎవరు చెప్తారు?

ఈ మాటే పిన్నితో అంటే నవ్వేసింది.

“ఇన్నాళ్ళూ నా పాట ఆపింది కుక్కరు కూతే కదే? అది కాకపోతే తలుపు గంట. ఇదొక్కటే నేను చెప్పినన్నిసార్లు వాయించింది.”

ఏమనగలను? నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరి పని ఎప్పుడు ముగుస్తుందో కనిపెట్టి, కంచం పెట్టి, మంచినీళ్ళందించి, అందరికీ తాళం వేసింది ఆవిడే. ఆవిడకు వేసినవాళ్ళు లేరు. చెప్పినట్టు ఆగే మరను తప్పుపట్టే హక్కు, చెప్పకుండానే గ్రహించే మనుషులు దొరికిన వాళ్ళకే ఉంటుందేమో.

ఈమధ్య లాప్‌టాప్ పక్కనపెట్టి మనవడి యమహా కీబోర్డు దింపించింది. దాని మీద ‘ఎండింగ్’ అని ఒక మీట ఉంటుంది. నొక్కితే ముగింపు వాయిస్తుంది, అది మోగుతుండగా ఇంకోసారి నొక్కితే నెమ్మదిస్తూ ఆగుతుంది. వాడి ఎడమచెయ్యి కార్డుల మీద, కుడివేలు ఆ మీట దగ్గర. కళ్ళు మాత్రం కీబోర్డు మీద ఉండకూడదట, బామ్మ మొహం మీదే ఉండాలట. మొన్నాదివారం రెండో చరణం కాగానే నొక్కేశాడని ఒక మొట్టికాయ వేసి, పల్లవి మళ్ళీ ఎత్తుకుంది.