పాటగాళ్ళు పొలాలకు వెళ్ళిపోయారు

నేటి వాక్యభాగం: నెహెమ్యా 13:4–13

రేపల్లెలో పెళ్ళి రిసెప్షన్ ముగిసేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. వైర్లు చుట్టి, స్టాండు మడిచి, కీబోర్డు సంచిలో పెట్టి భోజనాల వైపు వెళితే పెరుగూ అడుగు సాంబారూ మిగిలాయి. బ్యాండు వాళ్ళు ఆఖరి పంక్తి, అది మాకు అలవాటే. మాకు డబ్బు ఇవ్వాల్సిన పెద్దమనిషి మాత్రం ఎక్కడా కనబడలేదు. ఫోన్ చేస్తే, "పొద్దున మాట్లాడదాం బాబూ, ఇంటినిండా చుట్టాలు" అన్నాడు. ఆఖరి రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. తెనాలి 34 కిలోమీటర్లు. తబలా తమ్ముడూ నేనూ స్టేషన్ బెంచీ మీద తెల్లవారుజాము బండి కోసం కూర్చున్నాం. ఆ రాత్రి కడుపునిండా తిన్నవి దోమలే.

నిద్ర పట్టక ఫోన్‌లో బైబిలు తెరిచాను. నా వరుస పఠనంలో ఆ రోజుకు వచ్చింది నెహెమ్యా పదమూడో అధ్యాయం.

దానికి ముందు అధ్యాయం ఆఖరి వచనం చూడండి. పాటగాళ్ళకు, ద్వారపాలకులకు ఏ రోజు పాలు ఆ రోజే ఇచ్చేవారట. మా భాషలో చెప్పాలంటే ఏ నైట్ డబ్బు ఆ నైటే. పేజీ తిప్పేసరికి అంతా తారుమారైంది. అర్తహషస్త రాజు ఏలుబడి 32వ ఏట నెహెమ్యా యెరూషలేములో లేడు, రాజు దగ్గరికి వెళ్ళాడు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె దాచే పెద్ద గదిని యాజకుడైన ఎల్యాషీబు తన బంధువు టోబీయాకు విడిదిగా ఇచ్చేశాడు. లేవీయులకూ పాటగాళ్ళకూ రావలసినది రాలేదు. వాళ్ళు గొడవ చేయలేదు. ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. పక్కన సంచి తలకింద పెట్టుకుని పడుకున్న తమ్ముడు ఈ ఏడు శ్రమదినాల్లో దుగ్గిరాల పసుపు యార్డులో బస్తాలు ఎత్తాడు. మా పనికి మూఢం ఒక దెబ్బ, ఆషాఢం ఒక దెబ్బ, శ్రమదినాలు మరో దెబ్బ. ఆ నలభై రోజులూ చర్చిల్లో పెళ్ళిళ్ళుండవు. సాయంత్రం కూడికలు మాత్రం ఉంటాయి. యార్డు నుంచి తిన్నగా కూడికకు వచ్చి తబలా ముందు కూర్చుంటే, నల్లటి కరణ మీద అతని వేళ్ళ పసుపు అచ్చు పడేది. ఆ కూడికలకు అతనికెవరూ ఏమీ ఇవ్వలేదు. సేవ కదా!

ఈ మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. పది నిమిషాలు ఆలస్యమైతే, వృత్తి చేసుకునేవాడికి టైము తెలియదా అంటారు. డబ్బడిగితే దేవుని సేవకు లెక్కలేమిటంటారు. పురుషోత్తమ చౌదరి గారి రోజుల నుంచీ మన కీర్తనలకు రాగమూ ఉంది, తాళమూ ఉంది. ఆ తాళం వేసేవాడికి కడుపు కూడా ఉంది.

తిరిగివచ్చిన నెహెమ్యా ఏం చేశాడో చూడండి. టోబీయా సామాను బయట పారేయించి, గదులు శుభ్రం చేయించాడు. పాటగాళ్ళను ఒక్క మాటా అనలేదు. మందిరం ఎందుకు ఇలా విడువబడిందని అధికారులను నిలదీశాడు. తరువాత పాటగాళ్ళను వెనక్కి పిలిపించి ఎవరి చోట వాళ్ళను నిలబెట్టాడు. ఇంకా నాకు బాగా నచ్చినది, కొట్లకు నమ్మకస్తులని పేరున్న మనుషులను పెట్టడం. తమ సహోదరులకు పంచిపెట్టడమే వాళ్ళ పని.

చదువుతుంటే రేపల్లె పెద్దమనిషి ముఖమే కళ్ళ ముందు ఆడింది. బాగా అయింది నీకు అనుకుంటూనే పదమూడో వచనం మళ్ళీ చదివాను. పంచిపెట్టడం. ఈ బ్యాండుకు బేరం మాట్లాడేది నేను, డబ్బు పుచ్చుకునేది నేను, పంచేదీ నేనే. పోయిన నెల బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున వాయించిన ప్రోగ్రాంలో తమ్ముడి వాటా 1,500 ఇంకా నా దగ్గరే ఉంది. సముద్రపు ఉప్పుగాలికి కీబోర్డు మీటలు పట్టేస్తే ఆ మరమ్మతుకు వాడేశాను. "వచ్చే ప్రోగ్రాంలో చూద్దాంలే" అన్నాను. అతను అలాగే అన్నా అన్నాడు. ఇంకేమంటాడు?

మొన్నటి అడ్వాన్సులో నా వంతు మిగిలిన డబ్బు జేబులో ఉంది. లెక్కపెడితే 1,640. తమ్ముణ్ణి లేపి 1,500 చేతిలో పెట్టాను. నిద్రకళ్ళతోనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. అలా లెక్కపెట్టుకోవడం నాకు చురుక్కుమంది.

ఈ ఆదివారం మీ సంఘంలో వాయించే మనిషి బండి ఎక్కకముందే అతని చేతికి ఏమిచ్చారో ఒకసారి కనుక్కోండి.

ప్రార్థన: తండ్రీ, ఇతరుల పాలు నా సంచిలో నిద్రపోతుంటే నాకు నిద్ర పట్టనివ్వకు. మూఢం రోజుల్లో మా ఇళ్ళల్లో పొయ్యి వెలగనివ్వు. రేపల్లె పెద్దమనిషి ఇంటికొచ్చిన చుట్టాలందరూ క్షేమంగా వాళ్ళ ఊళ్ళకు చేరాలి, ఆ తరువాత ఆయన నా ఫోన్ ఎత్తాలి. ఆమెన్.