మరమనిషియు మన పిల్లలును

పిల్లలకు ఏ వయస్సున ఏ విద్య నేర్పవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. ఒకప్పుడు బాలికలకు అక్షరము నేర్పుటయే పెద్ద వివాదమయ్యెను. నేడు ప్రాథమిక పాఠశాలలో చదువు ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లల చేతికి మోటారును, బ్యాటరీని, తీగలను ఇచ్చి మరమనిషిని చేయ నేర్పుట తగునా యని కొందఱు పెద్దలు అడుగుచున్నారు. అఫ్జల్‌గంజ్‌లో ఆదివారము ఉదయమున కొందఱు పిల్లలను చేర్చి ఇట్టి రోబోటిక్స్ క్లబ్బును నడపుచున్న వారము గనుక సమాధానము చెప్పవలసిన భారము మాపై గలదు. అయితే మమ్ము నిజముగా చిక్కున బెట్టిన ప్రశ్న పెద్దలు అడిగినది కాదు. పిల్లలలో నొకడు అడిగినది.

వయస్సును గూర్చిన ఆక్షేపణను మొదట విచారింతము. నీతి ఆయోగ్ ఆధ్వర్యమున 2016 మొదలు దేశమందలి పాఠశాలలలో వెలసిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు గలవారికి ఉద్దేశింపబడినవి. అంతకంటె చిన్నవారికి ఈ విద్య కావలెనన్న తఱచుగా తలిదండ్రులు సొమ్మిచ్చి కొనవలసినదే. కాని చిన్నతనము దీనికి అడ్డు కాదని చాలకాలము క్రిందటనే తేలినది. 1967లో సీమోర్ పేపర్టును, ఆయన సహచరులును పిల్లల కొఱకే లోగో యను కంప్యూటరు భాషను కల్పించిరి. ఆ భాషలో ఆజ్ఞలిచ్చి, నేలపై ప్రాకుచు గీతలు గీయు యంత్రపు తాబేలును పిల్లలు నడపిరి. తాబేలు దారి తప్పినచో ఆజ్ఞలో ఎచ్చట పొరపాటు గలదో వెదకుటయే అచ్చటి చదువు.

మా క్లబ్బులో జరుగు పనియు అట్టిదే. ఒక అట్టముక్క, పాత బొమ్మకారునుండి తీసిన మోటారు, చక్రములు, తెల్లని కాగితముపై ఒక నల్లని గీత. బండి ముందు గల చిన్న సెన్సరు వెలుగును పంపును. తెల్లని చోట ఆ వెలుగు మఱలి వచ్చును. నల్లని చోట మఱలదు. ఆ భేదమును బట్టి బండి గీతను విడువక పోవలెను. చెప్పుటకింతే. చేసినప్పుడు మాత్రము బండి తిన్నగా పోయి గోడకు కొట్టుకొనును. పిల్లవాడు తీగ మార్చును, సెన్సరును కొంచెము క్రిందికి దించును, మరల విడుచును. తప్పు చేసినను బెత్తము పడని చోటొకటి లోకమున గలదని వానికి అప్పుడు తెలియును. ప్రక్కనున్న పెద్దవారు ఓపిక పట్టలేక తామే సరిచేసిరా, బండి నడచును గాని చదువు ఆగిపోవును. పోటీలో కప్పు తెచ్చుటకై పెద్దలు చేసిన యంత్రమును పిల్లల పేర ప్రదర్శించుట అంతకంటె చెడుగు. అది అసత్యమును పసితనముననే అభ్యసింపజేయుట.

ఇంతవఱకు మాకు సందేహము లేకుండెను. ఒకనాడు బండి గీత వెంబడి చక్కగా పోవుచుండగా అందఱును చప్పట్లు కొట్టిరి. బేగంబజారులో హమాలీ పని చేయువాని కుమారుడు మాత్రము కొట్టలేదు. “గీ బండే మూటలు మోస్తే మా నాయనకు కూలి ఎవరిస్తరు సార్?” అని అడిగెను. యంత్రములవలన క్రొత్త ఉద్యోగములు వచ్చునని చెప్పబోయితిమి గాని, ఆ ఉద్యోగము వాని తండ్రికి వచ్చునని చెప్పుటకు మాకు నోరాడలేదు.

రోబో అను మాట చెకు రచయిత కరెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్.యు.ఆర్.’ అను నాటకమునుండి లోకమున వ్యాపించినది. చెకు భాషలో ‘రొబొత’ యనగా దొరకు బలవంతముగా చేయవలసిన చాకిరి. మన మాటలో వెట్టి. ఈ అర్థము గ్రహించుటకు హైదరాబాదు వారికి నిఘంటువు అక్కఱలేదు. నిజాము రాజ్యమందలి గ్రామములలో ఎందఱి జీవితములు వెట్టిలో తెల్లవాఱినవో మన పెద్దలు చూచిరి. 1921లో ఈ నగరముననే పుట్టిన ఆంధ్ర జనసంఘమును, తరువాతి ఆంధ్ర మహాసభయు దానిని మాన్పుటకు పాటుపడినవి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది.

వెట్టియందలి పాపము పని బరువులో లేదు. పనివాని ఇష్టమును అడుగకుండుటలోను, ఫలము వానికి దక్కకుండుటలోను గలదు. యంత్రమునకు ఇష్టములేదు, ఆకలిలేదు. దానిచే చాకిరి చేయించుట పాపము కాదు. కాని యంత్రమును తెచ్చునప్పుడు మనుష్యుని మాట అడుగకపోయినను, వాని కూలిని వేఱొకరి లాభమునకు మార్చినను, పాత పాపమే క్రొత్త వేషము వేసికొన్నదని చెప్పక తప్పదు.

మఱియొక విధముగను జరుగవచ్చుననుటకు ఈ నగరముననే నిదర్శనము కలదు. మురుగు కాలువలలోనికి రక్షణలేక మనుష్యులను దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 2017లో హైదరాబాదు జలమండలి ఇఱుకు సందులలోనికి పోగల చిన్న జెట్టింగు యంత్రములను ప్రవేశపెట్టినప్పుడు, దళిత, గిరిజన వర్గముల వారు వానికి స్వంతదారులగునట్లు ఏర్పాటు చేసినది. దీనితో కాలువలలోని మరణములు అంతరించినవని అనము. తరువాతను అట్టివి జరిగినవి. అయినను తరతరముల హీనపు చాకిరిని యంత్రమున కప్పగించి, యంత్రమును ఆ వర్గముల వారి చేతికే ఇచ్చుట న్యాయమైన మార్గము.

ఆ బాలుని ప్రశ్న తరువాత మా క్లబ్బు పద్ధతి కొంత మాఱినది. ఏ యంత్రము చేయదలచినను, ఆ పని ఇప్పుడు చేయుచున్న వారిని ముందు అడిగి రావలెనని నియమించితిమి. పిల్లలు ఆ హమాలీనే అడిగిరి. మోయుటకంటె బస్తాను నేలనుండి వీపుమీదికి ఎత్తుకొనుటయే నడుమునకు చేటని అతడు చెప్పెను. మోసెడి బండిని మాని పిల్లలు ఎత్తెడి యంత్రమును మొదలిడిరి. స్క్రూడ్రైవరు మగపిల్లలకును, రంగుకాగితములు ఆడపిల్లలకును పంచు పాత అలవాటును గూడ అప్పుడే విడిచితిమి. మోటారు బిగించినది ఒక బాలిక. ఆ యంత్రము బస్తా నెత్తలేదు, పావుకిలో పప్పు సంచిని మాత్రము ఎత్తెను.

బాలుని ప్రశ్నకు పూర్తి సమాధానము ఇప్పటికిని మాయొద్ద లేదు. పాత పనిపోయిన వానికి కూలి ఎవరిత్తురను ప్రశ్నను క్లబ్బులు తీర్చజాలవు; అది సంఘము తీర్చవలసినది. అయితే రేపు యంత్రములను చేయువారును, కొనువారును నేటి పిల్లలే. యంత్రవిద్యతోపాటు ఈ ప్రశ్నను గూడ వారు పసితనమున వినియుండవలెను. తమ పిల్లలను ఇట్టి క్లబ్బులకు పంపు తలిదండ్రులు సాయంకాలము “నీ బండి నడిచెనా?” అని తప్పక అడుగుదురు. “అది ఎవరి బరువు దించును?” అని గూడ అడుగుడని మా మనవి.