ఆట అలసట తీర్చనప్పుడు

ఆట పాపం కాదు. దేహానికి విశ్రాంతి ఎంత అవసరమో, అలసిన మనసుకు వినోదం అంత అవసరమని పునీత తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలోనే బోధించారు. (వినోదమంటేనే ముఖం చిట్లించే పెద్దలు గమనించగలరు!)

అయితే కర్లపాలెంలో ఒక కుర్రవాడు కళ్లు మూతలు పడుతున్నా అర్ధరాత్రి ఫోనులో బీజీఎంఐ తెరుస్తున్నాడనుకోండి. ఎందుకయ్యా అంటే, గడువులోగా ఆడకపోతే బహుమతి పోతుందట, స్నేహితులు ముందుకెళ్లిపోతారట. ఇది కిస్తు కట్టడం లాంటిది. కట్టినందుకు సంతోషం ఉండదు, తప్పితే మాత్రం దిగులు. భయం ఆడించే ఆటలో మనసుకు విశ్రాంతి ఎక్కడిది?

ప్రభుత్వ నిషేధంతో 2020 అక్టోబరు 30న పబ్జీ మనదేశంలో ఆగిపోయింది. 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. మధ్యలో ఎనిమిది నెలలు! అప్పుడు ఆడుతుండిన మీ ఇంటి పిల్లలను, ఆ ఎనిమిది నెలల్లో ఏం పోగొట్టుకున్నారో నెమ్మదిగా అడిగి చూడండి.