అకారం దాటని సర్వస్వం
సమస్తం ఎన్నటికీ తెలియనప్పుడు జీవితాంతం నేర్చుకోవడంలో ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923) కృషి కఠినమైన పరీక్ష. ఆయన సంపాదకత్వంలో వెలువడిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' సంపుటాలు మూడే. ఆ మూడూ 'అ'తో మొదలయ్యే శీర్షికలను దాటలేదు. 'సర్వస్వం' అన్న పేరు దీనికెలా చెల్లుతుందని ఆక్షేపించడం సులభం. కకారాది విషయం కోసం వచ్చిన పాఠకునికి అందులో ఏ వ్యాసమూ దొరకదు. ఆ లోటును ప్రశంసలతో కప్పిపుచ్చనక్కరలేదు.

అయితే ఈ ఆక్షేపణ అక్షరక్రమాన్ని జ్ఞానక్రమంగా భావిస్తున్నది. వర్ణమాలకు చివరి అక్షరం ఉంది, విషయానికి లేదు. ఒక్క వ్యాసాన్ని సక్రమంగా రాయాలన్నా చరిత్రను, శాసనాలను, శాస్త్రాలను పరిశీలించవలసిందే. అక్కడ పుట్టిన సందేహం మరో అక్షరం దగ్గరికి నడిపిస్తుంది. చివరి సంపుటం అచ్చయ్యేనాటికి, బహుశా, మొదటిదాన్ని సంస్కరించవలసి వస్తుంది. కనుక అసమాప్తి గ్రంథానికి లోపమే గాని, అభ్యాసానికి లోపమని చెప్పలేము. అకారంలోని ఒక విషయాన్ని చక్కగా గ్రహించిన పాఠకునికి, తక్కిన అక్షరాలు లేనందువల్ల ఆ గ్రహించినది తరిగిపోదు.

లక్ష్మణరావు మరణానంతరం, 1930వ దశకంలో, కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తిరిగి చేపట్టారు.