మెత్తగా కరవడం

మా కుక్కపిల్ల పేరు బొగ్గు. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో కారు కింద దొరికింది. తల్లి లేదు, తోబుట్టువులు లేరు. డాక్టర్ పళ్ళు చూసి ఐదు వారాలుంటాయన్నారు. పళ్ళా అవి, సూదులు! కొన్నాళ్ళకి వీడియో కాల్‌లో నా చేతుల మీద గీతలు చూసి ఒక కొలీగ్, "ఇంట్లో అంతా ఓకేనా?" అని అడిగాడు.

ఓ సాయంత్రం ఆటలో మా పాప పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది. పాపకి ఇంజెక్షన్లు వేయించాం. అంతకంటే ముందే నేను బొగ్గు మూతి మీద ఒక్కటి కొట్టాను. అది కరవడం మానేసింది, నన్ను మాత్రమే. తల నిమరడానికి చెయ్యి చాపినా కళ్ళు మూసుకుని నేలకి అతుక్కుపోయేది. బగ్ అలాగే ఉంచి ఎర్రర్ మెసేజ్ రాకుండా చేయడం మా వృత్తిలో అందరికీ తెలిసిన పాపమే. నేను చేసింది అదే.

ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడి పద్ధతి నాకు మొదట వింతగా అనిపించింది. పిల్ల చేత కరవడం ఒక్కసారిగా మాన్పించొద్దంటాడు. ముందు కాటు బలం తగ్గించాలి, ఎన్నిసార్లు కరుస్తోందన్నది ఆ తర్వాత. ఎందుకంటే ఎంత మంచి కుక్కైనా, తోక తలుపు సందులో పడిన రోజున కరవొచ్చు. ఆ రోజు కాపాడేది 'కరవకూడదు' అన్న రూలు కాదు, దవడకి అలవాటైన కొలత. మామూలుగా ఆ కొలత తోబుట్టువులే నేర్పుతాయి. గట్టిగా కొరికితే కుయ్యిమని ఆట ఆపేస్తాయి. బొగ్గుకి ఆ బడి లేదు.

రామకృష్ణ పరమహంస చెప్పిన పాము కథ గుర్తొచ్చింది. సాధువు మాట విని కాటు మానేసిన పాముని పిల్లలు చావగొడతారు. కాటెయ్యొద్దన్నాను గానీ బుసకొట్టొద్దన్నానా, అంటాడు సాధువు. ఆ కథలో బుస పాము రక్షణకి. ఇంట్లో పెంచే కుక్క విషయంలో తిరగబడుతుంది: దాని గుర్రు మన రక్షణకి. గుర్రుమన్నందుకు కొడితే మిగిలేది మంచి కుక్క కాదు, చెప్పకుండా కరిచే కుక్క.

సరే, కొట్టడం మానేశాను. కొరికితే "అబ్బా" అని లేచి, అర నిమిషం పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం మొదలుపెట్టాను. పని చేసింది. కానీ తలుపవతల దాని ఏడుపు వింటూ నిలబడితే మా అమ్మ గుర్తొచ్చేది. అమ్మ నన్నెప్పుడూ కొట్టలేదు. మాట్లాడ్డం మానేసేది, ఒక్కోసారి రెండ్రోజులు. దెబ్బ కంటే అది మెత్తనిదని ఇప్పటికీ అనలేను. అర నిమిషానికీ రెండ్రోజులకీ ఉన్న తేడా నిడివిలోనేనా? తలుపు తెరుచుకుంటుందని తెలియడంలో కూడా ఉందేమో. బొగ్గుకి మొదటిసారి తెలియదుగా.

ఇప్పుడు దాని పాలపళ్ళు 28 ఊడిపోయాయి. కొత్తవి 42. మొన్న అది తింటుంటే పాప గిన్నె దగ్గరికి వెళ్ళింది. బొగ్గు గుర్రుమంది. నా చెయ్యి లేచింది కూడా.

"వెనక్కి రామ్మా, వద్దని చెప్తోంది," అన్నాను.

పాప వచ్చింది. బొగ్గు గిన్నెలోంచి తలెత్తి నా చేతి వంక చూసింది.