దర్శనపు టికెట్టు

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయింపగోరువారికి దేవస్థానమువారు 500 రూపాయలు మొదలుకొని 750, 1,500, 2,500, 5,000 రూపాయల వరకు మెట్లుమెట్లుగా టికెట్లు ఏర్పరచియున్నారు. చదువు మంత్రము లొక్కటియే; రాహువునకు మినుములును కేతువునకు ఉలవలును అన్ని మెట్లవారికి నొక్కటియే. భేదమెల్ల కూర్చుండు చోటునందున్నది. వెల హెచ్చినకొలది భక్తుడు వెలుపలి మండపము నుండి లోపలికి, జనసమ్మర్దము నుండి నెమ్మదికి, ఉక్క నుండి చల్లదనమునకు జరుగుచు గర్భాలయమునకు చేరువ యగుచుండును. బోయవాడైన తిన్నడు పుక్కిటి నీటితో అభిషేకించి, కాల్చిన మాంసము నివేదించి, తుదకు తన కన్నునే పెకలించి లింగమున కమర్చి కన్నప్పయైన క్షేత్ర మిదియే. సాలెపురుగును, పామును, ఏనుగును తమకు తోచిన పూజలు చేసి మోక్షమందిన క్షేత్రమును ఇదియే. ఆ నలుగురిలో ఎవ్వరిని ఏ మెట్టున కూర్చుండబెట్టి యుందుమో యని తలపోయుట వినోదముగనే యుండును గాని, ప్రశ్న మాత్రము వినోదముతో తీరిపోవునది కాదు: మనము టికెట్టుకొని యిచ్చు పైకమునకు తగిన ఫలము మనకు లభించుచున్నదా? లభించుచున్నచో, అది యెవరి నుండి లభించుచున్నది?

మన తిరుపతి ప్రాంతమున ఈ మాట యెత్తగనే రెండు సమాధానములు సిద్ధముగ నుండును. దేవుని చూచుటకు వెల యేమి, కలికాలము గదా యని నిట్టూర్చువా రొకవైపు; దీపమునకు నూనె ఊరక వచ్చునా, అర్చకునకు కడుపు లేదా యని గద్దించువా రింకొకవైపు. ఇరువురును ఆలోచింపవలసిన శ్రమను తప్పించుకొనుచున్నారనియే నా యభిప్రాయము.

మొదటివారి నిట్టూర్పునకు చరిత్ర తోడు రాదు. తిరుమల కోవెల యేనాడును ధనమును కాదనలేదు. పల్లవరాణి సామవాయి వెండి భోగశ్రీనివాసమూర్తిని సమర్పించినపుడు, ఆ మూర్తికి జరుగవలసిన యుత్సవముల నిమిత్తమై భూములను గూడ నొసగినట్లు శాసనము చెప్పుచున్నది. విజయనగర కాలపు శాసనములు మరింత ముచ్చటైనవి. దాత ఇచ్చిన రొక్కమును కోవెల యధికారులు మూలధనముగ దాచిపెట్టక, దేవుని గ్రామములలో చెరువులకును కాలువలకును వెచ్చించి, ఆ నీటివలన హెచ్చిన పంటనుండి దాత కోరిన నైవేద్యమును జరిపించుచుండిరి. నివేదితమైన ప్రసాదములో నాలుగవ పాలు దాతకు చెందుచుండెను. బర్టన్ స్టెయిన్ అను చరిత్రకారుడు 1960లో వ్రాసిన యొక వ్యాసమున ఈ యేర్పాటు నంతను విశదముగ చూపియున్నాడు. ఇందు పైకమున్నది, ప్రతిఫలమున్నది, లెక్క యున్నది. భక్తునకును దేవునకును నడుమ బేరము లేదని బుకాయించుట లేదు. ఐనను నా మనస్సునకు ఈ బేరము బాధ కలిగింపదు. ఏలయనగా దాతకు దక్కిన నాలుగవ పాలు ఆ పైకము వలననే క్రొత్తగా పండినది గాని, మరియొకని విస్తరిలోనుండి తీసినది కాదు. ఆ కాలువ పారిన గ్రామమున దేవునితో నిమిత్తము లేనివాని మడియు తడిసినది.

అటుపిమ్మట దినములు మారినవి. 1801లో కర్ణాటక నవాబు రాజ్యముతో పాటు కోవెల పెత్తనమును ఈస్టిండియా కంపెనీ చేత జిక్కి, యాత్రికుల కానుకలలో ఖర్చుపోగా మిగిలినది దొరల ఖజానాకు చేరజొచ్చెను. 1843లో హథీరాంజీ మఠపు మహంతులకు పెత్తన మప్పగింపబడు వరకు ఆ విధముగనే జరిగెను. 1932 నాటి చట్టముతో నేటి దేవస్థానపు వ్యవస్థకు పునాది పడినది.

ఇక రెండవవారి గద్దింపు. పాణిని సూత్రములలో ఒకటి, మనుష్యుల జీవనమున కాధారమై యుండియు అమ్మకపు సరుకు గాని ప్రతిమలను వేరుచేసి చెప్పుచున్నది. దానికి భాష్యము వ్రాయుచు పతంజలి, బంగారము నాశించి మౌర్యులు ప్రతిమలు చేయించిరని యొక చురక వేయకుండ నుండలేకపోయెను. వ్యాకరణముతో మన కిచట పనిలేదు గాని, దేవుని యాశ్రయించి బ్రతుకుట వేరు, దేవుని అమ్ముట వేరను వివేకము రెండు వేల యేండ్లకు పూర్వమే మనవారి కుండెననుట గమనింపదగినది. కావున అర్చకుని కడుపు మాట తెచ్చి గద్దించువారికి నేను తల యూపుచునే, తిరుమలలో టికెట్టుపై అమ్ముడగు వస్తు వేదియో చెప్పుమని యడుగుదును.

అది దర్శనము మాత్రము కాదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమువాడును, చేత దమ్మిడీ లేక సర్వదర్శనమునకు వచ్చినవాడును కడపట ఒకే బంగారువాకిలి ముందరికి వత్తురు. ఒకే దూరము నుండి, ఒకే మినుకు దీపపు వెలుగున, ఒకే క్షణకాలము స్వామిని చూతురు. “జరగండి, జరగండి” అను మాట యిరువురి వీపులమీదను సమానముగనే పడును. మూడు వందలిచ్చినవానికి మూడు క్షణము లెక్కువ నిచ్చెడి సంప్రదాయము లేదు. అతడు కొన్నది వేరు: వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులలో గంటలకొలది కూర్చుండవలసిన యవసరము లేకుండుట. అనగా కాలము. మరి కాలమును దేవస్థానము ఎచటనుండి తెచ్చి అమ్మగలదు? దినమునకు 60, 70 వేల మంది వచ్చు కోవెలలో ఆ వాకిలి ముందు గంటకు ఇంతమందియే నడువగలరను హద్దును ప్రకృతియే యేర్పరచినది. ఒకడు ముందునకు వచ్చెననగా మరియొకడు వెనుకకు పోయెననియే యర్థము. ఇట అమ్ముడగు సరుకు కంపార్టుమెంటులో చంకబిడ్డతో కూర్చున్న పీలేరు కూలిమనిషి కాలము. కొన్నవాడు ప్రత్యేక ప్రవేశమువాడు. వెల పుచ్చుకొన్నది దేవస్థానము. సరుకు తనదియైన యామెకు మాత్రము తన సొత్తు విక్రయింపబడినదను సంగతియే తెలియదు. టికెట్టు వెల న్యాయమా యను ప్రశ్న భక్తునకును భగవంతునకును నడుమ నున్నదని మనము భ్రమపడుచున్నాము గాని, నిజమునకు అది యిద్దరు భక్తుల నడుమ నున్నది.

దేవస్థానమువారి పక్షమున చెప్పవలసినవి కలవు, అవి స్వల్పములును కావు. సర్వదర్శనమువానికిని ఒక లడ్డు ఉచితముగ నిత్తురు. 1985లో మొదలైన నిత్యాన్నదానమున, ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరిట నున్న భవనములో, ఎవ్వరిని ఏమియు అడుగక అన్నము పెట్టుదురు. అలిపిరి 3,550 మెట్లును శ్రీవారిమెట్టు 2,388 మెట్లును ఎక్కుటకు సుంకము లేదు. 2019 నుండి 10,000 రూపాయలు శ్రీవాణి ట్రస్టునకు విరాళమిచ్చినవారికి బ్రేక్ దర్శనమున ప్రవేశము కల్పించుచు, ఆ ధనముతో వెనుకబడిన వాడలలో ఆలయములు కట్టించుచున్నారు. వ్యయము మంచిదే. ఐనను వ్యయము మంచిదైనంత మాత్రమున విక్రయింపబడినది ఎవరి సొత్తను ప్రశ్న మాసిపోదు.

వృద్ధులు, రోగులు, సెలవు దొరకని ఉద్యోగులు నేమి చేయవలెనని యడుగుదురు. వృద్ధులకును వికలాంగులకును వేరు వరుసయు, చంటిబిడ్డల తల్లిదండ్రులకు సుపథము నుండి ప్రవేశమును పైకముతో నిమిత్తము లేకయే ఇచ్చుచున్నారు గదా! అవసరమును బట్టి ముందు నిలుపుట సాధ్యమేయని దేవస్థానమే నిరూపించియున్నది. నిరీక్షణయే తపస్సు, క్యూలో గోవిందనామము చెప్పుకొనినచో అదియే పుణ్యమని బోధించువారును గలరు. వారిలో ననేకులు బ్రేక్ దర్శనము ముగించుకొని వచ్చి బోధించుట విన్నాను.

ఉచితమైనది అన్నివేళల వెల లేనిది కాదనియు చెప్పవలెను. 2025 జనవరి 8వ తేది రాత్రి, వైకుంఠద్వార దర్శనమునకు ఉచిత టోకెన్లు ఇచ్చుచోట తిరుపతిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. 300 రూపాయల టికెట్టును ఇంట గూర్చుండి కంప్యూటరుపై తీసికొనినవా రెవ్వరును ఆ రాత్రి ఆ గేటుల యొద్ద నిలువవలసిన పని లేకపోయెను. కాలము తరువాత దేహమును గూడ బీదవాడే చెల్లించుచున్నాడని ఇంతకన్న స్పష్టముగ చెప్పనేల?

ఈ కొండమీది కథలు మరియొక విధముగ నుండును. తొండమానుడను చక్రవర్తి బంగారు పూవులతో పూజించి, మరునాడు స్వామి పాదములయొద్ద మట్టిపూవులను చూచి విస్తుపోయెనట; అవి కురువనంబి యను కుమ్మరి తన యింట చక్రము ముందు కూర్చుండి సమర్పించినవి. నేటికిని కొత్తకుండ పెంకులోని పెరుగన్నమే గర్భాలయపు గడప దాటి లోనికి పోవుననుట ఆ కథకు మిగిలిన సాక్ష్యమని పెద్దలందురు. ఆ గడప పేరు కులశేఖరపడి. రాజ్యమును కాదని ఆ కోవెలలో మెట్టుగ పడియుండి స్వామి పెదవులను చూచుచుండవలెనని కోరిన కులశేఖరాళ్వారు పేరు. ఇన్ని కోట్లమందిలో వరుసలో నిలువని భక్తుడు, వెనుకకు నెట్టబడని భక్తుడు, ఎవ్వరిని వెనుకకు నెట్టని భక్తుడు ఆయన యొక్కడే.

ఇక చిన్న కోవెలల మాట. దానికి ముందొక పోలిక చెప్పెదను: ఇంగ్లండులో ఫుట్‌బాల్ పోటీలు శ్రేణులుగ నడచును. ప్రీమియర్ లీగు జట్లకు టెలివిజను వారిచ్చు ధనమే ముఖ్యాదాయము; అందుచేత 2016 నుండి పొరుగూరి యభిమానులకు 30 పౌండ్లు మించి టికెట్టు అమ్మరాదని కట్టడి చేసికొనినను వారికి లోటులేదు. దిగువ శ్రేణుల జట్లకు అట్టి ధనము లేదు. వాకిటిలో వసూలైన డబ్బే చాలవరకు ప్రాణము. తక్కువ యాటకు అంత వెలయా యని అచట తరచుగ వినవచ్చు ఫిర్యాదు సహజమైనదే. కాని ఖాళీ కుర్చీలున్న మైదానమున టికెట్టు కొన్నవాడు ఎవరి చోటును లాగుకొనుట లేదు. వచ్చు శనివారమునను తన యూరికొక జట్టుండవలెనని కోరి యిచ్చుచున్నాడు. ఆ పైకమును ఆట నాణ్యముతో తూచరాదు.

మన జిల్లాలలో అట్టి మైదానముల వంటి కోవెలలు కొల్లలు. గుడిమల్లం పరశురామేశ్వరుని లింగము క్రీస్తుకు పూర్వపు శతాబ్దులదని పండితు లందురు. కొండమీదికి పోవు జనములో వందవ వంతైనను అటు తిరుగదు. నారాయణవనము, నాగలాపురము, కార్వేటినగరము, అప్పలాయగుంట మొదలగు చోట్ల ఉత్సవములు లేని దినమున నడచిపోయి గడపయొద్ద ఎంతసేపైన నిలువవచ్చును. వీనికైనను పెద్ద దేవస్థానపు ఆదరువున్నది. ఏ ఆదరువును లేని పల్లె గుళ్ల సంగతి ప్రభుత్వపు ధూపదీప నైవేద్యముల పథకమును బట్టి తెలియును; ఈ మధ్య నెలకు 5,000 నుండి 10,000 రూపాయలకు హెచ్చించినను, అందులోనే స్వామి నైవేద్యమును అర్చకుని సంసారమును నడువవలెను. అట్టి గుడిలో అర్చనకని పది రూపాయలు పళ్లెములో వేసినవానికి ఏమి దక్కినది? ముందు నిలుచుట దక్కలేదు, వెనుక నెవ్వరును లేరు గనుక. కాలము మిగులలేదు, నిరీక్షణయే లేదు గనుక. ఆ పైకము కొన్నది ఏమియు లేదు. ఆ కారణము చేతనే, ఈ జిల్లాలలో భక్తులు చెల్లించు వెలలన్నింటిలో నాకు సంకోచము కలిగింపనిది అదియొక్కటియే.

వేసవిలో చిత్తూరు పల్లెలలో ధర్మరాజుల గుళ్లయొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కునాడు చుట్టుప్రక్కల యూళ్లెల్ల అచటనే యుండును. టికెట్టు లేదు. ఊరిలో చందా యెత్తుదురు. కలవాడు వేలిచ్చును, లేనివాడు నూరిచ్చును, రాత్రికి మాత్రము ముందు వచ్చి చాప పరచినవానిదే ముందుచోటు. దీనిని కృతయుగపు చిత్రముగ వర్ణింపబోను. తొలి తాంబూలము నేటికిని పెద్దయింటికే పోవును, కొందరిని దూరమున కూర్చుండబెట్టిన కాలమును తలచుకొనిన సిగ్గు కలుగకపోదు. ఐనను ఇచ్చుట యొక లెక్కను, కూర్చుండుట యొక లెక్కను నడుచుచుండుట ఆ యేర్పాటులోని విశేషము.

ఇట్టి యేర్పాటు తిరుమలలో లేదందురా? దర్శనమైన పిమ్మట ప్రతివాడును దాటి రావలసిన కొప్పెర, అనగా హుండీ, యున్నది. దానిలో ఎవడేమి వేసినాడో ప్రక్కవానికి తెలియదు; వేసినవానికి ఒక్క యడుగైనను ముందునకు జరుగు హక్కు లభింపదు, అప్పటికే దర్శనము ముగిసినది గనుక. 2024-25 సంవత్సరపు బడ్జెటు 5,141 కోట్లలో దర్శనపు టికెట్ల వలన 338 కోట్లు వచ్చునని దేవస్థానమువారు అంచనా వేసిరి. హుండీ వలన వచ్చునని వేసిన యంచనా 1,611 కోట్లు. దాదాపు ఐదింతల ధనమును జనులు చోటడుగక ఇచ్చుచుండగా, కోవెల గడచుటకు టికెట్టు తప్పదను మాటను ఇకమీద ఎవరైనను చెప్పదలచినచో, ఈ రెండంకెలను ముందుంచుకొని చెప్పుదురు గాక.